సింహం గీసిన మూడు గీతలు

ఎర్రకొండల వెనక తుమ్మలకోన అనే అడవి ఉండేది. అందులో దుప్పులు, కుందేళ్ళు, ఒక ఎలుగుబంటి, ఒక చిరుతపులి, ఒక దుమ్ములగొండి కాపురం ఉండేవి. వేసవి వస్తే అందరికీ ఒకటే మడుగు.

మడుగు పక్కన బండ మీద మూడు గోటి గీతలు ఉండేవి. అవి రాజు ఉగ్రకేసరి గీసినవి. ఆ సింహం వయసులో ఉన్నప్పుడు ఒక్కరోజులో దుప్పుల మందను చీల్చి పోగులు పెట్టాడు. మడుగు ఎర్రబడింది. ఆ నీళ్ళలో తన ముఖం చూసుకున్నాడు. ఏమైందో ఏమో, ఆ పూటే ఒక కట్టుబాటు పెట్టాడు. పొద్దు నడినెత్తిన ఉన్నంతసేపు మడుగు దగ్గర ఎవరూ ఎవరినీ ముట్టకూడదు. ఆ గీతలు దానికి గుర్తు.

ఈ వేసవిలో రాజు ముసలివాడై చచ్చిపోయాడు. వెంటనే దుమ్ములగొండి గొడవ మొదలుపెట్టింది. "హంతకుడి గీతలు మనకెందుకు? చెరిపేద్దాం."

"అయ్యో, ఆయన ధర్మాత్ముడు" అన్నాయి కుందేళ్ళు.

ఎవరికి ఎక్కువ నష్టం జరిగిందో వాళ్ళే తీర్పు చెప్పాలి. అది ఆ అడవి ఆచారం. అంటే ముసలి దుప్పి చుక్కలమ్మ చెప్పాలి. ఆమె తల్లినీ ఇద్దరు అక్కలనూ ఆ రోజే పోగొట్టుకుంది. అప్పటినుంచి ఆ బండకు వీపు పెట్టి నీళ్ళు తాగేది.

మిట్టమధ్యాహ్నం అందరూ మడుగు దగ్గర చేరారు. చుక్కలమ్మ పక్కనే ఆమె కుంటికాలి మనవరాలు నీళ్ళు తాగుతోంది. గడ్డి కదిలినా చుక్కలమ్మ చెవులు నిక్కుతున్నాయి.

"అత్తా, మీ అమ్మ ఈ గట్టు మీదే పడిపోయింది. మర్చిపోయావా?" అంది దుమ్ములగొండి.

"మర్చిపోలేదు. ఆమె ఎముకలు కొరికింది మీ నాన్నే. అదీ మర్చిపోలేదు."

"అయితే రాజు మంచివాడని చెప్పమ్మా" అంది ఒక కుందేలు.

"ఆ మాట నా నోట రాదు. ఆ రోజు మీ తాత బతికి బయటపడ్డాడు కాబట్టి నీకు ఆ రాజు ముద్దొస్తున్నాడు."

ఎలుగుబంటి గొంతు సవరించుకుంది. "పొద్దు వాలబోతోంది. క్రూరుడా, ధర్మాత్ముడా? ఏదో ఒకటి తేల్చు, చుక్కలమ్మా."

చెరిపేయమందామని ఆమె నోరు తెరిచింది. అప్పుడే దుమ్ములగొండి కళ్ళు చూసింది. అవి గీతల మీద లేవు. మనవరాలి కుంటికాలి మీద ఉన్నాయి.

ఆమె మనవరాలికి అడ్డంగా జరిగింది. "వాడు హంతకుడే. గీతలు మాత్రం ఉండనివ్వండి" అంది.

"ముసలిదానికి మతి పోయింది" అంటూ దుమ్ములగొండి బండెక్కి మూడు గీతలనూ గోళ్ళతో గీకి చెరిపేసింది. "ఇక ఇక్కడ ఏ కట్టుబాటూ లేదు."

అంతసేపూ నీళ్ళు తాగుతున్న చిరుతపులి తలెత్తింది. "లేదా?"

"లేదు దొరా."

చిరుత ఒక్క దూకు దూకింది. దుమ్ములగొండిని నోట కరుచుకుని పొదల్లోకి వెళ్ళిపోయింది.

"ఎలుగన్నా, పొద్దు వాలకముందే మళ్ళీ గీయి. వంకర పోనీకు" అంది చుక్కలమ్మ.

ఎలుగు మూడు గీతలు గీసింది. ఆమె వాటి కింద గిట్టతో నాలుగోది గీసింది.

"అదెవరిది?" అంది ఎలుగు.

"మా అమ్మది."

మనవరాలు కడుపునిండా తాగింది. ఆ తర్వాత చుక్కలమ్మ తాగింది, బండకు వీపు పెట్టే.

నీతి: ఒకడు చేసిన పాపాన్ని మరవనక్కరలేదు. అలాగని వాడు చేసిన మేలును ఆ కోపంతో చెరుపుకోకూడదు.