అంటించిన కాలు

“కనిపించని కాలికి ఏ రంగు రాయాలి సార్?” అని దమయంతి అడిగింది.

నాంచారయ్య గారు వెంటనే జవాబు చెప్పే మనిషి కారు. రిటైరై పదకొండేళ్లయినా రోజూ పది గంటలకల్లా మా కీటకాల ల్యాబుకి వచ్చి, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునేవారు. ఎవరేమడిగినా ముందు పూర్తిగా వినేవారు. తరవాత కళ్లజోడు తీసి తుడుచుకునేవారు. ఆ తుడవడం ఎక్కువసేపు సాగిందంటే చెప్పబోయేది పాత సంగతి అయివుంటుందని మాకందరికీ తెలుసు.

ఆ ల్యాబులో బొమ్మలు గీసేది నేను. అందుకే ఆ ప్రశ్న నాకూ సంబంధించిందే. దమయంతి పరిశోధన పేపరు కోసం గీస్తున్న ఈగ బొమ్మ నా ముందే ఉంది. దానికి మూడు కాళ్లు గీసి ఆగిపోయాను.

దమయంతిది పాడేరు పైన ఒక చిన్న ఊరు. ఇంటిపేరు కిల్లో, మా ల్యాబులోనే పరిశోధన చేస్తోంది. కిందటి వానాకాలంలో సొంత ఊరి గెడ్డ ఒడ్డునే ఆమెకి ఒక ఈగ దొరికింది. చూడ్డానికి పెద్ద దోమలా ఉంటుంది కానీ దోమ కాదు, కుట్టదు. ఒళ్లు సన్నగా, కాళ్లు ఒంటికి రెండింతలు పొడుగ్గా ఉంటాయి. ఇంగ్లీషులో క్రేన్ ఫ్లై అంటారు. జనం దోమనుకుని చంపేస్తుంటారు. ఈ ఈగల్లో ఏది ఏ జాతో తేల్చాలంటే మగదాని పొట్ట చివర ఉండే చిన్న కొక్కేల్లాంటి భాగాన్ని మైక్రోస్కోపు కింద చూడాలి. దమయంతికి దొరికింది మగదే. ఆ కొక్కేల ఆకారం ఇంతవరకూ అచ్చయిన ఏ బొమ్మతోనూ కలవలేదు. అంటే కొత్త జాతి. పేరు పెట్టే హక్కు ఆమెది.

అయితే ఆమె దగ్గర ఉన్నది ఒక్కటే ఈగ. పట్టుకున్నప్పుడే సగం కాళ్లు ఊడిపోయాయి. ఈ రకం ఈగలకి కాళ్లు అంత తేలిగ్గా ఊడతాయి. ముందు కాళ్లు రెండు, వెనక కాలు ఒకటి మిగిలాయి. నడిమి కాళ్లు రెండూ లేవు. పత్రిక తరఫున పేపరు చదివిన నిపుణులు నడిమి కాళ్ల రంగు ఎందుకు రాయలేదని అడిగారు. సోమవారం లోపల జవాబు ఇమ్మన్నారు. ఆ రోజు శుక్రవారం. ఒడిశా వైపు కొండల్లో ఇంకెవరో ఇదే ఈగని పట్టారని వారం నుంచి ఒక వార్త తిరుగుతోంది. ముందు ఎవరిది అచ్చయితే పేరు వాళ్లది. దానికి తోడు ఆమె ఫెలోషిప్ ఆ నెలాఖరుతో అయిపోతుంది. నాలుగు రోజుల నుంచి ఆ పిల్ల సరిగా తినడంలేదు. గోళ్లు కొరికి కొరికి వేళ్ల చివరలు ఎర్రబడ్డాయి.

ఈ గుంపులో తెలిసిన జాతులన్నిటికీ నడిమి కాళ్లు గోధుమరంగేనని, అలాగే రాసేస్తే ఎవరికీ నష్టం లేదని, చూడలేదని రాస్తే పేపరు తిప్పి పంపేస్తారని ఆమె గబగబా చెప్పుకొచ్చింది. నాంచారయ్య గారు కళ్లజోడు తుడుచుకోవడం ఇంకా పూర్తి చెయ్యలేదు.

ఆయన చెప్పింది నాకు గుర్తున్నంతవరకు ఇది.

నలభై ఏళ్ల పైమాట. అప్పుడాయనకి ఇరవైఆరేళ్లు. మారేడుమిల్లి కొండల్లో ఒక వాగు దగ్గర వల వేసి ఈగలు పడుతున్నారు. ఆ మధ్యాహ్నం ఒక మగ ఈగ పడింది. రెక్కల మీద పొగమచ్చ. భూతద్దంలో చూస్తే పొట్ట చివరి కొక్కేలు ఎక్కడా చూడని ఆకారంలో ఉన్నాయి. అంతలో వాన ముంచుకొచ్చింది. ఒక్కొక్క ఈగని ఒక్కొక్క కాగితం పొట్లంలో పెట్టాలి. పొట్లాలు తడిసిపోతుంటే తొందరలో దీన్ని ఇంకో ఈగతో కలిపి ఒకే పొట్లంలో పెట్టేశారు.

ఊరికి వచ్చి విప్పేసరికి రెండో ఈగ తల నలిగిపోయి ఎందుకూ పనికిరాకుండా ఉంది. దాన్ని పారేశారు. మొదటిదానికి ఒక్క ముందు కాలు మిగిలింది, మామూలు గోధుమరంగుది. పొట్లం అడుగున విడి కాళ్లు తొమ్మిది. అందులో కొన్నిటి చివరలు పాలలా తెల్లగా ఉన్నాయి. ఏ కాళ్లు ఏ ఈగవో చెప్పడానికి దారి లేదు. నోటు పుస్తకంలో ఆయన ‘తెల్లకాళ్లు దీనివేనా?’ అని రాసుకున్నారు. రెండు రోజులు ఆలోచించి, మూడో రోజున ఒక తెల్ల వెనక కాలు తీసి జిగురుతో ఆ ఈగకి అంటించారు.

“అది అందంగా ఉంది. అంతకంటే వేరే కారణం లేదమ్మా,” అన్నారు మాతో.

పేపరులో వర్ణన రాసేటప్పుడు ఆ ప్రశ్నార్థకం రాయలేదు. ‘వెనక కాళ్ల చివరలు తెలుపు, ఈ గుర్తుతో దీన్ని అడవిలోనే పోల్చుకోవచ్చు’ అని రాశారు. పేపరు అచ్చయింది. ఆయన మొదటి పేపరు అది. అందరూ మెచ్చుకున్నారు. కొన్నాళ్లకి ఆ జిగురు సంగతి తానే మరిచిపోయానని అనుకున్నారు.

నాలుగేళ్ల తరవాత ఒక ఉత్తరం వచ్చింది. రాసినావిడ పేరు పసుమర్తి హైమవతి. విజయనగరం మనిషి, కొత్తగా పరిశోధనలో చేరింది. ఆ ఈగ పిల్లపురుగులు నాచులో ఎలా బతుకుతాయో తెలుసుకోవాలని, అందుకోసం అదే వాగు దగ్గర వానాకాలమంతా ఉండబోతున్నానని రాసింది. ఆయన సంతోషించి, వాగు దగ్గరికి దారి గీసి పంపారు.

వానలు తగ్గాక రెండో ఉత్తరం. తెల్లకాళ్ల ఈగ ఒక్కటీ దొరకలేదని. ఇంకా ఎగువకి వెళ్లి చూడమని ఆయన రాశారు. ఆ మాట రాస్తున్నప్పుడే లోపల ఏదో కలుక్కుమందట. అయినా కవరు అంటించి పోస్టు చేశారు.

మరుసటి ఏడు మూడో ఉత్తరం వచ్చింది. రెక్కల మీద మచ్చ, పొట్ట చివరి కొక్కేలు మీ బొమ్మతో అచ్చంగా కలుస్తున్నాయి కానీ కాళ్లన్నీ గోధుమరంగులో ఉన్న ఈగ ఒకటి ఇక్కడ బాగా దొరుకుతోంది, ఇది వేరే జాతి అంటారా అని అడిగింది. కింద చిన్న బొమ్మ కూడా గీసింది.

ఆ బొమ్మ చూడగానే సంగతంతా తెలిసిపోయింది ఆయనకి. పాత నోటు పుస్తకం తీసి చూడాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఆ ఉత్తరాన్ని బల్ల సొరుగులో పెట్టి తాళం వేశారు. రోజూ ఆ సొరుగు ముందే కూర్చునేవారు. భోజనం దగ్గర, ల్యాబులో, బస్సులో అదే ఆలోచన. రెండుసార్లు జవాబు మొదలుపెట్టి చింపేశారు. ఎందుకంటే వచ్చే నెలలో లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. అక్కడ చూపించుకోవడానికి ఆయనకున్న గట్టి పేపరు అదొక్కటే. ఇంటర్వ్యూ అయ్యాక చెబుదాంలే అనుకున్నారు. ఐదు వారాల తరవాత, ఇంటర్వ్యూ ఇంకా ముందుండగానే, మూడోసారి రాసి పంపారు: ‘దగ్గరి జాతి ఏదైనా కావచ్చు. తెల్లకాళ్ల దాని కోసం వెతుకుతూ ఉండండి.’

ఉద్యోగం వచ్చింది. జూన్ వచ్చింది. వానలు మొదలయ్యాయి. హైమవతి మూడో ఏడు కూడా ఆ వాగు దగ్గరికి వెళ్లిందని ఆయనకి తెలుసు. ఇవాళ రాద్దాం, రేపు రాద్దాం అనుకుంటూ రెండు నెలలు గడిపారు. తపాలా వచ్చే వేళకి గుమ్మంలోకి వచ్చి నిలబడేవారట. ఉత్తరం లేదంటే కాస్త ఊపిరి పీల్చుకునేవారు, మళ్లీ ఉత్తరం ఎందుకు రాలేదా అని భయపడేవారు.

సెప్టెంబరులో వచ్చింది ఉత్తరం. రాసింది ఆమె కాదు, వాళ్లన్నయ్య. చెల్లెలికి కొండల్లో మలేరియా పట్టిందని, అది మెదడుకి ఎక్కిందని, రాజమండ్రిలో ఆసుపత్రిలో చేర్చామని, తొమ్మిది రోజులుగా తెలివి లేదని, జ్వరంలో మీ పేరు కలవరిస్తోంది కనక రాస్తున్నానని ఉంది అందులో.

ఆ పూటే ఆయన బస్సెక్కారు. దారి పొడుగునా ఒకటే లెక్క వేసుకున్నారట. ఆ ఐదు వారాల్లో ఏ రోజున నిజం రాసి ఉన్నా, ఆమె ఆ ఏడు కొండ ఎక్కేది కాదు. ఏలూరు దాటాక వాన పట్టుకుంది. బస్సు ఒక వంతెన దగ్గర రెండు గంటలు నిలిచిపోయింది. పక్క సీటాయన ఏమయ్యా ఒంట్లో బాగాలేదా అని అడిగితే, బాగానే ఉందని చెప్పి కిటికీ వైపు తిరిగారు. ఆసుపత్రి మెట్ల దగ్గరికి వెళ్లి, లోపల ఏ వార్త వినాల్సి వస్తుందోనని కాసేపు బయటే నిలబడ్డారు.

ఆమె బతికే ఉంది. ముందురోజే తెలివి వచ్చింది. జుట్టు కత్తిరించేశారు. చేతులు దుప్పటి మీద వణుకుతున్నాయి. ఆయన్ని అంతకుముందు ఎన్నడూ చూడకపోయినా, వాళ్లన్నయ్య పేరు చెప్పగానే లేవబోయింది. ఆయన వద్దని వారించి స్టూలు మీద కూర్చున్నారు.

“ఈ ఏడు కూడా దొరకలేదు సార్. నాకే చూడటం రాదేమో,” అంది.

అంతకంటే తిట్టినా బాగుండేదని నాంచారయ్య గారు మాతో అన్నారు. వాళ్లన్నయ్య కాఫీ తేవడానికి వెళ్లాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని ఆయనకి తెలిసింది. పొట్లం సంగతి, విడి కాళ్ల సంగతి, జిగురు సంగతి, చింపిన ఉత్తరాల సంగతి, ఇంటర్వ్యూ సంగతి, ఏదీ దాచకుండా చెప్పారు. చెబుతూ ఆమె మొహం చూడలేకపోయారు, వణుకుతున్న ఆ చేతుల్నే చూశారు.

పక్క మంచం దగ్గర ఎవరో గిన్నెలో గంజి కలుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమె మెల్లిగా లెక్క చెప్పింది. మూడేళ్లలో తన వలలో పడిన ఆ గోధుమకాళ్ల ఈగలు నూట నలభై దాకా ఉంటాయట. వాటిలో దాదాపు అన్నిటినీ వదిలేసిందట. నాచులో వాటి పిల్లపురుగులు కనిపించినా, తనకి కావలసినవి ఇవి కావని ముట్టుకోలేదట.

“ఒక్క ఉత్తరంలో ఒక్క మాట రాయాల్సింది సార్,” అని కళ్లు మూసుకుంది.

ఆయన తిరిగొచ్చిన వారంలోనే సవరణ రాసి పంపారు. ఆ జాతి కాళ్ల రంగుని మొదట సరిగా చూసినది పసుమర్తి హైమవతి అని అందులో రాశారు. అది నాలుగు లైన్లలో ఒక పేజీ అడుగున అచ్చయింది. శాఖాధిపతి దగ్గరికి వెళ్లి ఇంటర్వ్యూ సంగతి కూడా చెప్పారు. పెద్దాయన విని, అలాంటివి జరుగుతుంటాయిలే అని ఊరుకున్నారు. ఉద్యోగం పోలేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు. శిక్ష పడితే కొంచెం తేలికపడేవాణ్ణేమో అన్నారు మాతో.

హైమవతి గారి జ్వరం తగ్గింది కానీ చేతుల వణుకు తగ్గలేదు. సూది మొనతో ఈగ పొట్టని విప్పే పని ఆ చేతులతో సాగదు. పరిశోధన మానేసి విజయనగరంలో ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పింది. పెళ్లి చేసుకుంది, ఇద్దరు పిల్లలు. ఆ పిల్లపురుగులు నాచులో ఎలా బతుకుతాయో పదహారేళ్ల తరవాత వేరే ఎవరో కనిపెట్టారు.

చెప్పడం అయ్యాక నాంచారయ్య గారు కళ్లజోడు పెట్టుకున్నారు. దమయంతి బల్ల అంచు పట్టుకుని నిలబడే ఉంది. ఆమె మొహంలో గాభరా తగ్గలేదు. తగ్గుతుందని నేనూ అనుకోలేదు. సోమవారం సోమవారంగానే ఉంది, ఒడిశా వాళ్లు ఒడిశాలోనే ఉన్నారు.

కాసేపటికి ఆమె తన కంప్యూటరు దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఒక లైను కొట్టింది, చెరిపింది, మళ్లీ కొట్టింది. ‘నడిమి కాళ్లు లభించలేదు, రంగు తెలియదు’ అని ఉంది. నేను బొమ్మ మీద పెన్సిలు పెట్టి, నడిమి కాళ్లు ఉండాల్సిన చోట ఖాళీ ఉంచి, కింద నా సంతకం చేశాను.

పంపే మీట నొక్కబోతూ ఆమె ఆగింది. దీన్ని తిప్పి పంపేస్తే ఏం చెయ్యాలి సార్ అని అడిగింది.

“హైమవతి గారు ఇప్పటికీ కొత్త జాతుల పేపర్లన్నీ తెప్పించుకుని చదువుతారమ్మా,” అన్నారు నాంచారయ్య గారు. “నీదీ చదువుతారు.”