నక్క నెత్తిన మంచు

తుంగమడుగు ఎంత పెద్దదంటే, ఈ ఒడ్డున ఈత మొదలెట్టిన చేపపిల్ల ఆ ఒడ్డు చేరేసరికి దానికి మనవలు పుట్టేవారు. మడుగు నడుమ ఏనుగు మునిగేంత ఎత్తున జమ్ము, జమ్ములో అక్కడక్కడ నల్లతుమ్మ చెట్లు. ఒక పక్కన మట్టికట్ట. ఆ కట్ట ఉన్నంతకాలమే నీళ్ళు, నీళ్ళున్నంతకాలమే మడుగు.

ఆ నీళ్ళలో మెడదాకా మునిగి, పొద్దెక్కిన దగ్గర్నుంచి పొద్దుగూకేదాకా నెమరేస్తూ ఉండేది కాటుకమ్మ అనే ముసలి గేదె. ఎంత కదలకుండా ఉండేదంటే, ఒక ఏడాది దాని వీపు మీద గడ్డి మొలిచింది, ఆ గడ్డికోసం మేకలు ఈదుకుంటూ వచ్చాయి. ఉన్నచోటి నుంచే దానికి జమ్ములోని పిట్టల కాపురాలన్నీ కనిపించేవి. ఎవరూ పురమాయించలేదు, అయినా చూసేది. ఏ నత్తకొంగ ఏ కొమ్మన గూడు కట్టింది, ఏ నీటికాకి మొగుడు పుల్లలు తేవడానికి బద్ధకిస్తున్నాడు, ఎవరి పిల్లలకు ఈకలొచ్చాయి, అన్నీ దానికి ఎరుకే.

ఒక్కదాని కళ్ళు చాలక, కప్ప భూషణాన్నీ తాబేలు చెంచయ్యనీ ఈ పనిలోకి లాగింది. తూర్పు జమ్ము కప్పది, పడమటి తుమ్మలు తాబేలువి. చూసింది చూసినట్టు సాయంత్రం ముగ్గురూ కూర్చుని చెప్పుకునేవారు. కప్ప మాత్రం చూడనిది కూడా చెప్పేవాడు.

"అత్తా, ఇవాళ కోటి కొంగలొచ్చాయి!"

"కోటే?"

"తక్కువ చెప్పానేమో. కోటిన్నర."

"నీ నోట్లో నా గడ్డి పెట్ట! ఒకే కొంగ ఎగిరి దిగినప్పుడల్లా కొత్త కొంగ అనుకున్నావు కదరా!"

"అదేనా? నాకూ అనుమానమేసిందత్తా, అందరికీ ఒకటే ముక్కు!"

ఇదిలా ఉండగా, మడుగు పక్క అడవిలో మాణిక్యం అనే పందికి తుంగగడ్డల మీద మనసు పడింది. మడుగు ఎండితే అడుగున గడ్డలన్నీ దానివే. ఎండిన బురదలో ఎగిరెగిరిపడే చేపలన్నీ దాని స్నేహితుడు సర్వేశం అనే నక్కవి. కానీ కట్ట గట్టిది. పంది ముట్టెతో కుమ్మితే ముట్టె వాచింది గాని కట్టకు గీతైనా పడలేదు. అది తెగాలంటే అడవికి పెద్ద అయిన ఏనుగు దంతప్ప కాలు పడాలి.

సర్వేశం వెళ్ళి దంతప్ప ముందు వంగి వంగి దణ్ణాలు పెట్టాడు. ఎంత వంగాడంటే, తోక లేచి సొంత ముక్కునే గోకింది. "దొరా, ఆ మడుగు ఉత్త దోమల దొడ్డి. పిట్ట లేదు, పిట్ట ఈక లేదు. తమరు ఒక్క తన్ను తన్నితే పీడ వదులుతుంది."

"పిట్టలున్నాయని కాటుకమ్మ అంటుందటగా?"

"నీళ్ళలో నానీ నానీ దాని బుర్ర ఊరిపోయింది దొరా. తమ కళ్ళతోనే చూద్దురు రండి."

తెలివిగా నడిమధ్యాహ్నం తీసుకొచ్చాడు. ఆ ఎండకు తల్లులు కొన్ని మేతకు పోయాయి, మిగతావి రెక్కలు పరిచి పిల్లలకు నీడపట్టి గూళ్ళలో కిక్కురుమనకుండా ఉన్నాయి. దంతప్ప కట్ట మీద నిలబడి చిన్న కళ్ళు చికిలించి చూశాడు. గాలికి ఊగే జమ్ము తప్ప ఏమీ లేదు.

"ఉన్నాయి దొరా! కోట్లున్నాయి! మబ్బుల మీద మబ్బులున్నాయి!" అని గెంతాడు భూషణం.

"నాకు ఒకటి కనిపిస్తోంది," అన్నాడు దంతప్ప. "కాకి."

సర్వేశం, మాణిక్యం పడీపడీ నవ్వారు. కాటుకమ్మ మాత్రం గూళ్ళ వైపు చూసింది. కట్ట తెగితే గూళ్ళకింద నీరు పోతుంది. నీరు పోతే నక్క కాలు తడవకుండానే తుమ్మలకిందికి చేరుతుంది. ఇంకా ఎగరలేని పిల్లలు ఎక్కడికి పోతాయి?

"దొరా, అవి గూళ్ళలో ఉన్నాయి. పొద్దున్నే ఒక్కసారి రండి," అని బతిమాలింది.

"సరే. రేపు తెల్లవారగానే వస్తాను. పిట్టలు ఇక్కడ కాపురముంటున్నాయని నా కళ్ళకు తెలియాలి. నాలుగు దారినపోయే పిట్టలు నీళ్ళు తాగి పోతే అది కాపురం కాదు. తెలియకపోతే అప్పటికప్పుడే కట్ట తంతాను," అని వెళ్ళిపోయాడు దంతప్ప.

సాయంత్రం ముగ్గురూ చేరారు. చెంచయ్య తల చిప్పలోంచి బయటికి రానంది. భూషణం ఏడ్చిన ఏడుపుకు మడుగు జానెడు పొంగింది. "నా నోటివల్లే అత్తా! నేను నోరు మూసుకునుంటే దొర నమ్మేవాడు!"

కాటుకమ్మ చెవులు గట్టు వైపు తిరిగాయి. గట్టున గుబురులో నీటికోళ్ళు అప్పటిదాకా గోలగోలగా ఉన్నవి ఉన్నట్టుండి నోరు మూశాయి. నక్క దగ్గరికొస్తే తప్ప అవి నోరు ముయ్యవు. ఇన్నాళ్ళూ చూసిందిగా! సర్వేశం చెవులు రిక్కించుకుని గుబురులో దాక్కున్నాడన్నమాట.

గేదె కళ్ళు తళుక్కుమన్నాయి. పెద్దగా నిట్టూర్చింది. ఆ నిట్టూర్పుకు ఒక తామరాకు ఎగిరిపోయి అవతలి ఒడ్డున పడింది.

"ఏడవకురా. దొర రేపు వస్తే గూళ్ళు చూపిస్తాను. నా భయమంతా ఒకటే, ఎవరితోనూ అనకేం? సరిగ్గా దొర అడుగుల చప్పుడు వినబడే వేళకు ఎవరైనా జమ్ములోపడి అరుచుకుంటూ పరిగెత్తారనుకో, పిట్టలన్నీ లేచిపోతాయి. ఇక మన పని అయిపోయినట్టే!"

గుబురులో ఒక తోక ఆనందం పట్టలేక టపటప కొట్టుకుంది.

నక్క పోయాక చెంచయ్య తల బయటపెట్టాడు. "అదేంటమ్మా, దారి నువ్వే చూపించావు! పిల్లలు కిందపడవూ?"

"ఈకలొచ్చాయి, కొమ్మ పట్టు చిక్కింది. ఎండ ఎక్కకముందే తల్లులు తిరిగొస్తే పిల్లలకేం కాదు. పిల్లలు మరీ చిన్నవైతే ఈ మాట నా నోట వచ్చేదా?" అంది కాటుకమ్మ. "ఇంక మాట్లాడక చూడు."

తెల్లవారింది. ధన్ ధన్‌మని దంతప్ప అడుగులు వినబడ్డాయో లేదో, "పద మాణిక్యం!" అని సర్వేశం జమ్ములోకి దూకాడు. వెనకే మాణిక్యం. ఊళ ఒకరిది, గుర్రు ఒకరిది, ఆ గోలకు మడుగులో చేపలు సైతం చెవులు మూసుకున్నాయి.

అప్పుడు లేచాయి పిట్టలు! నత్తకొంగలు, తెల్లకొంగలు, నీటికాకులు. జమ్ము మొత్తం ఊడి పైకి పోతోందా అన్నట్టు లేచాయి. ఎన్ని లేచాయంటే, అప్పుడే ఉదయిస్తున్న సూర్యుడు 'ఇవాళ నాకు సెలవేమో' అనుకుని వెనక్కి తిరిగాడు. దంతప్ప నోరు తెరిచి పైకి చూసి, రెట్ట ఒకటి రాలబోతుంటే గబుక్కున మూసుకున్నాడు.

భూషణం నోరు తెరిచాడు, కాటుకమ్మ వైపు చూశాడు, మళ్ళీ మూసుకున్నాడు. ఇంతకాలానికి అతని కోటి మాట నమ్మదగ్గట్టు ఉంది, కానీ చెప్పే పని లేకపోయింది.

"చూశారా దొరా," అని బురదలోంచి అరిచాడు సర్వేశం. "పోయాయి! అన్నీ దారినపోయే పిట్టలే! ఇక రావు!"

"కాసేపు నిలబడండి దొరా," అంది కాటుకమ్మ.

పిట్టలు ఒక చుట్టు తిరిగాయి. ఇంకో చుట్టు తిరిగాయి. ఆ తిరగడంలో భయానికి కడుపులు ఖాళీ చేశాయి. తరువాత ఒక్కొక్కటీ రెక్కలు ముడిచి దిగింది. ఏ కొంగా పక్క కొంగ గూట్లో దిగలేదు. ఎవరి కొమ్మ వాళ్ళది, ఎవరి పిల్లల దగ్గరికి వాళ్ళు. జమ్మంతా ఆకలి పిల్లల అరుపులతో దద్దరిల్లింది.

దంతప్ప తొండం దించాడు. "బెదిరిస్తే చుట్టాలు పోతారు. తిరిగి తమ గుమ్మంలోనే దిగారంటే ఇది వాళ్ళ ఇల్లు. నిన్న నేను చూడలేదు, నిలబడ్డానంతే. ఈ కట్టను ముట్టుకున్నవాడికి నా కాలే జవాబు. మీ ముగ్గురూ చూస్తూనే ఉండండి, చూసింది వచ్చి నాకు చెప్పండి."

"నేనూ చెప్పొచ్చా దొరా?" అన్నాడు భూషణం.

"చెప్పు. ముందు అత్తకు చెప్పి, ఆవిడ తగ్గించాక చెప్పు."

అంతలో జమ్ములోంచి రెండు తెల్లటి ముద్దలు ఈడ్చుకుంటూ గట్టెక్కాయి. ఒకదానికి ముట్టె ఉంది, ఇంకొకదానికి తోక ఉంది.

"ఎవరది?" అన్నాడు దంతప్ప.

"నేనే దొరా, సర్వేశం."

"నెత్తిన ఆ తెలుపేమిటి?"

"మంచు దొరా. పొద్దున్నే చలి కదా."

దంతప్ప తొండం చాపి ఒక్కసారి వాసన చూశాడు. తుమ్మాడు. ఆ తుమ్ముకు సర్వేశం, మాణిక్యం ఎగిరి అవతలి ఊరి పొలిమేరలో పడ్డారు. ఆ కంపు వదలక, గాలివాటున వాళ్ళు వస్తున్నారంటేనే చేపలు మడుగు అడుక్కి దిగిపోయేవట.

రోజూ ఓపిగ్గా చూసే కంటికి దొరికే నిజం, ఒక్కపూట తొంగిచూసిన తెలివికి దొరకదు.