పైడమ్మ ఇంటి మైల

అనగనగా అంటే ఎంత అనగనగా? మన తాతల తాతలు ఇంకా ఉయ్యాల దిగని రోజులు. ఊ కొట్టేవాళ్లు ఊ కొట్టండి, కునుకు తీసేవాళ్లు ఇప్పుడే లేచి పొండి. ఇది నిద్రపుచ్చే కథ కాదు.

గెడ్డవలస అని ఒక ఊరు. ఊరి పక్కన గెడ్డ, అంటే చిన్న ఏరు. గెడ్డ ఒడ్డున చాకిరేవు. రేవు కాడ ఒక పాక, పాక చుట్టూ కంపకంచె. ఆ పాకలో చాకలి పైడమ్మ, సింహాలు అని ఆమె కూతురు. మొగుడు ఎప్పుడో ఓడెక్కి పోయాడు, మరి రాలేదు. ఊరు మొత్తానికి చాకలి ఇల్లు అదొక్కటే.

ఆ ఊళ్లో ఒక కట్టుబాటు. ఎవరింట్లో చావు జరిగినా ఆ ఇంటికి మైల. మైల ఇంట్లోకి ఇరుగు రాదు, పొరుగు రాదు. పలకరించాలంటే వీధిలో నిలబడి పలకరించాలి. లోపలికి పోయేది చాకలి ఒక్కతే. మైల బట్టలు ఎవరో ఒకరు తియ్యాలిగా మరి! మంచి రోజుల్లో పైడమ్మని గుమ్మం దాటనివ్వరు. చావు రోజుల్లో గుమ్మం దాటేది పైడమ్మ ఒక్కతే. బాగుంది కదూ న్యాయం!

లోపలికి పోతే ఏం కనిపించేది? చీకటి గది, గదిలో మూల, మూలలో మనిషి. తినదు, పలకదు, లేవదు. మూట కట్టుకుని వచ్చేస్తే పైడమ్మ పని అయిపోయినట్టే. కానీ ఆమెకు మనసొప్పేది కాదు. చెంబుతో నీళ్లు తెచ్చి తన చేత్తోనే ఆ మొహం కడిగేది. రెక్క పట్టుకుని అరుగు మీదికి, పొద్దుటెండలోకి తెచ్చేది. ఉతికి ఆరిన చీర ఒకటి విప్పి, ఒక కొస వాళ్ల చేతిలో పెట్టేది.

"మొహం కడుక్కో తల్లీ, ఎండలోకి రా తల్లీ, ఈ కొస పట్టుకో తల్లీ."

అంతే ఆమె మందు. చీర మడత పెట్టాలంటే ఇద్దరుండాలి కదా! ఒక మడతకి ఒక అడుగు దగ్గరకొస్తారు. ఇంకో మడతకి ఇంకో అడుగు. చివరి మడతకి చేతులు తగులుతాయి. అప్పుడు ఏడుపొస్తే ఏడ్చేవాళ్లు, మాటొస్తే మాట్లాడేవాళ్లు. ఆ తరవాత ఆకలేసేది.

పెద్దింటి తవిటమ్మ మొగుడు పోయాడు. తవిటమ్మ మూలన కూర్చుంది. పైడమ్మ వెళ్లింది. "మొహం కడుక్కో తల్లీ, ఎండలోకి రా తల్లీ, ఈ కొస పట్టుకో తల్లీ." మడత పెడుతూ పెడుతూ అంది: "బాబుగారి పంచెలు ఉతికి ఉతికి నా చేతులు అరిగిపోయాయమ్మా. ఎప్పుడు చూడు పులుసు మరకే. అక్కడన్నా కాస్త వంగి తినమని చెప్పి పంపావా?" తవిటమ్మ ఫక్కున నవ్వింది. నవ్వి, భోరున ఏడ్చింది. ఏడ్చి, అన్నం పెట్టమంది.

శెట్టి గున్నయ్య తల్లి పోయింది. అంత మీసాల మనిషి, పసివాడిలా గోడవైపు తిరిగి పడుకున్నాడు. పైడమ్మ వెళ్లింది. "మొహం కడుక్కో బాబూ, ఎండలోకి రా బాబూ, ఈ కొస పట్టుకో బాబూ." గున్నయ్యకి మడత వంకర పోయింది. "తూకంలో కూడా ఇంతేనా బాబూ?" అంది పైడమ్మ. "నోర్ముయ్యవే!" అని నవ్వాడు గున్నయ్య. ఆ పూటే కొట్టు తలుపు తీశాడు.

మాణిక్యం తొలిచూలు బిడ్డ పురిట్లోనే పోయింది. మాణిక్యం ఇంకా చిన్నది, కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. పైడమ్మ వెళ్లింది. అవే మూడు మాటలు అంది. కానీ ఆ ఇంట్లో వేళాకోళం ఆడలేదు. బిడ్డ కోసం దాచిన పాత గుడ్డల్ని ఇద్దరూ విప్పడం, మడవడం, మళ్లీ విప్పడం, మళ్లీ మడవడం. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా అదే పని. "నువ్వు లేకపోతే నేను చచ్చిపోదును పైడమ్మా" అంది మాణిక్యం. ఆ అన్నమాట నిజమే.

ఇలా ఊళ్లో పైడమ్మ తొక్కని గడప లేదు, లేవదీయని మనిషి లేదు.

ఒక ఏడు ఊరి మీద విషజ్వరం పడింది. ఇంటికొక మైల మూట, వాడకొక గుట్ట. పైడమ్మ మోసింది, సింహాలు ఉతికింది. ఏ ఇంటి మూటలో వచ్చిందో ఆ జ్వరం, సింహాల్ని పట్టుకుంది. పదహారు నిండని పిల్ల. పట్టిన జ్వరం వదల్లేదు. కాటికి మోసేవాళ్లు వచ్చారు, మోశారు, పూడ్చారు, గెడ్డలో మునిగి ఎవరిళ్లకి వాళ్లు పోయారు.

పైడమ్మ మూలన కూర్చుంది. కూతురి బట్టలు ఓ పక్కన పడున్నాయి. చాప మీద, దుప్పటి మీద, అన్నిటి మీదా మైలే.

ఇప్పుడు చెప్పండి. ఊరందరి మైల చాకలి తీస్తుంది. చాకలి ఇంటి మైల ఎవరు తియ్యాలి? ఆ మాట అన్నాళ్లూ ఎవరూ అడగలేదు. ఆ రోజూ అడగలేదు.

"వస్తారు" అనుకుంది పైడమ్మ. "నేను పోని ఇల్లు లేదు కదా. ఒక్కరన్నా రాకపోరు. వచ్చి, లెగవే పైడీ అంటే చాలు, లేస్తాను."

మొదట గున్నయ్య వచ్చాడు. కంచె బయట నిలబడ్డాడు.

"ఒసే పైడీ! జరిగిందేదో జరిగింది. పోయినోళ్లు తిరిగొస్తారా? మా పిల్ల పెళ్లి దగ్గర పడింది. బట్టలన్నీ నీ కాడే ఉన్నాయి. కాస్త తొందరగా చూడు."

చెప్పి వెళ్లిపోయాడు.

తరవాత తవిటమ్మ వచ్చింది. కంచె బయట నిలబడింది.

"పైడీ, మా చిన్నమామ పోయాడే. మైల బట్టలు గుట్టపడున్నాయి. మా చినత్త ముద్ద ముట్టడం లేదు. నువ్వొచ్చి ఆ నాలుగు ముక్కలూ చెబితేగాని లేవదు. రేపన్నా రా."

చెప్పి వెళ్లిపోయింది.

చివరికి మాణిక్యం వచ్చింది. చేతిలో గంజి ముంత. కంచె దాకా వచ్చింది, ఆగింది. ఒక కాలు ముందుకేసింది, వెనక్కి తీసింది.

పైడమ్మకి ప్రాణం లేచొచ్చింది. కూతురి ఓణీ అందుకుని, ఒక కొస గుమ్మంవైపు చాపింది. జన్మలో ఎవర్నీ ఏమీ అడగని మనిషి నోరు తెరిచి అడిగింది.

"ఒక్కసారి లోపలికి రా తల్లీ. ఈ కొస పట్టుకో తల్లీ."

మాణిక్యం కళ్లలో నీళ్లు తిరిగాయి. నీళ్లు తిరిగితే ఏం లాభం? కాళ్లు కదలాలిగా!

"మైల కదే పైడమ్మా. మా అత్త నన్ను ఇంట్లోకి రానివ్వదు. గంజి ఇక్కడ పెడుతున్నా, తాగు. నీకు మేం చెప్పేదేముంది? ఊరందరికీ చెప్పినదానివి."

ముంత కంచె కాడ పెట్టి, వెనక్కి చూడకుండా పోయింది.

చూశారా! ఊరందరికీ చెప్పినదానివట! ఊరందరి కడుపు నింపిన వంటమనిషికి ఆకలే వెయ్యదన్నమాట.

పైడమ్మ తన మందు తనే వేసుకుని చూసింది. మొహం తనే కడుక్కుంది. ఎండలోకి తనే వచ్చింది. ఓణీ ఒక కొస తను పట్టుకుంది. రెండో కొస మట్టిలో పడింది. ఎత్తింది, మళ్లీ పడింది. అప్పుడు తెలిసింది ఆమెకి. ఆ నీళ్లలో ఏమీ లేదు, ఆ ఎండలో ఏమీ లేదు, ఆ చీరలోనూ ఏమీ లేదు. ఉన్నదంతా ఎదుటి మనిషిలోనే ఉంది.

మూట కట్టుకుంది. రేవులోకి దిగింది. కన్న కూతురి మైల బట్టలు కన్నతల్లే బండ మీద ఉతికింది.

ఆ చప్పుడు ఊళ్లోకి వినిపించింది.

"లేచిందిరోయ్ పైడి!" అన్నాడు గున్నయ్య.

"నేను చెప్పలా? గట్టి మనిషి" అంది తవిటమ్మ.

"హమ్మయ్య" అంది మాణిక్యం.

కాసేపటికి చప్పుడు ఆగింది. ఉతకడం అయిపోయింది కాబోలు అనుకున్నారు. ఎవరి అన్నాలు వాళ్లు తిన్నారు. తెల్లారి పశువుల్ని తోలుకెళ్లినవాళ్లు చూశారు. పైడమ్మ బండకి ఆనుకుని కూర్చుని ఉంది. తల పక్కకి వాలిపోయింది. ఒంట్లో ప్రాణం లేదు. కంచె కాడ గంజి ముంత పెట్టింది పెట్టినట్టే ఉంది, చీమలు పట్టి.

ఊరంతా రేవుకొచ్చింది. అయ్యో అంటే అయ్యో. గుండెలు బాదుకున్నారు. బతికుండగా ఒక్కరికి లేని తీరిక, చచ్చాక అందరికీ దొరికింది.

పైడమ్మని కాటికి మోశారు. ఇంక పాకలో ఆమె మైల బట్టలు మిగిలాయి. ఎవరు తియ్యాలి? పెద్దలు పెద్దల మొహాలు చూసుకున్నారు. ఒకడు పక్క ఊరి చాకలిని పిలుద్దామన్నాడు. ఒకడు పాకకి నిప్పు పెడదామన్నాడు. ఒకడు మనకెందుకన్నాడు.

మాణిక్యం కంచె తోసుకుని లోపలికి పోయింది. "మైలే! మైలే! మళ్లీ నా గడప తొక్కకు!" అని అత్త కేకలు పెట్టింది. మాణిక్యం విన్లేదు. మూట నెత్తిన పెట్టుకుని రేవులోకి దిగింది. నిన్న ఒక్క అడుగు వెయ్యలేని కాళ్లు ఇవాళ పరిగెత్తాయి. నిన్నయితే ఒక ప్రాణం నిలబడేది. ఇవాళ ఉతికింది గుడ్డలే కదా. ఆ సంగతి మాణిక్యానికి తెలుసు. తెలిసే బతికింది, చాలాకాలం బతికింది. అంతకన్నా పెద్ద శిక్ష ఇంకేం వెయ్యాలి?

ఆ తరవాత గెడ్డవలసలో కట్టుబాటు మారింది. చావింట్లోకి ఇరుగమ్మ పోతుంది, పొరుగమ్మ పోతుంది. మొహం కడుగుతారు, ఎండలోకి తెస్తారు, చీర కొస చేతిలో పెడతారు. అది పైడమ్మ పెట్టిన ఆచారం అని గొప్పగా చెప్పుకుంటారు. పైడమ్మకి ఎవరు చేశారని అడిగితే మాత్రం మాట మారుస్తారు.

కానీ ఆడవాళ్లు మరిచిపోలేదు. ఇప్పటికీ ఆ వైపు ఊళ్లలో, కష్టంలో ఉన్న మనిషిని ఎవరన్నా వీధిలోంచే పలకరించి, పండో పాలో గుమ్మం బయట పెట్టి పోబోతే, లోపలి మనిషి ఊరుకోదు. ఏడుస్తున్నా సరే, ఆ ఏడుపులోనే కసిరి చెబుతుంది:

"కంచె కాడ గంజి పెట్టి పోకు. వస్తే లోపలికి రా, లేకపోతే అసలు రాకు."