సబ్బు రాసిన బెల్టు

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. మనం ఉంటున్న ఊళ్ళో నది లేదు, పడవ లేదు, చెప్పే సందర్భమూ రాలేదు. ఇప్పుడు చెబుతున్నాను, వినండి.

గోదావరి మధ్య ఒక లంకలో కామేశ్వరమ్మగారనే పెద్దావిడ భాగవతం చెప్పేవారు. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబివ్వడం ఆవిడకు అలవాటు లేదు. అడిగినవాళ్ళ పనిలోంచే జవాబు బయటికొచ్చే దాకా ఓపిక పట్టేవారు. లంకకూ అవతలి రేవుకూ మోటారు పడవ నడిపే లోవరాజు ఆవిడ శిష్యుడు.

ఒకరోజు ఆవిడ రేవు దాటడానికి వచ్చినప్పుడు లోవరాజు తన బాధ చెప్పుకున్నాడు. కూతురు కుసుమ నర్సు చదువుకని దూరపు ఊళ్ళో హాస్టల్లో చేరింది. మొదట్లో ఫోను చేసినప్పుడల్లా ఏడ్చేది. నువ్వు ఏడిస్తే నాన్న తట్టుకోలేడమ్మా అని ఇతను బతిమాలాడు. ఆ పిల్ల మానేసింది. ఇప్పుడు ఏమడిగినా బాగానే ఉన్నానంటోంది.

"పిల్ల కుదుటపడింది కదమ్మగారూ, మరి నాకెందుకు నిద్ర పట్టటం లేదు?"

ఆవిడ పడవ ఎక్కి కూర్చున్నారు. "ముందు నన్ను దాటించు నాయనా," అన్నారు.

పడవ కీచు చప్పుడు లేకుండా సాగింది. చేపల బుట్టతో ఎక్కిన మరిడమ్మకు అది వింతగా తోచింది. వారం కిందటి దాకా ఇంజను మొదలవగానే కీచుమని గోల పెట్టేది. ఈ పడవలో ఊరెళ్తున్నామా, పందిని కోస్తున్నామా అని అప్పట్లో అందరికన్నా ఎక్కువ ఎగతాళి చేసింది ఈ మరిడమ్మే. "దీని నోరు బాగానే మూయించావురా అబ్బాయ్," అని ఇప్పుడు మెచ్చుకుంది.

నది నడుమ ఎవరిదో చిరిగిన వల పడవ అడుగున తిరిగే పంకాకు చుట్టుకుంది. లోవరాజు ఇంజను ఆపి, నీళ్ళలో దిగి వల కోసేశాడు. పైకొచ్చి తాళం తిప్పితే టక్కుమంది తప్ప ఇంజను కదల్లేదు. హారన్ నొక్కితే పిల్లి మూలిగినట్టు మూలిగింది. బ్యాటరీలో చార్జింగు లేదు. పడవ వాలుకు కొట్టుకుపోసాగింది. గడతో నెట్టి ఎలాగో ఇసుక తిప్పకు చేర్చాడు.

బ్యాటరీ తీగలు కదిపి చూశాడు. గట్టిగానే ఉన్నాయి. బ్యాటరీ కొన్నదీ మొన్ననే. ఇంజను మూత తీసి, బ్యాటరీకి చార్జింగు ఎక్కించే డైనమో బెల్టును బొటనవేలితో నొక్కాడు. ఉయ్యాల తాడులా లోపలికి దిగిపోయింది. బెల్టు అంచులు అద్దంలా మెరుస్తున్నాయి. అది ఎన్నాళ్ళుగానో జారిపోతోంది; అప్పట్లో కీచుమన్నదీ అదే. డైనమో సరిగ్గా తిరగక, ఉన్న చార్జింగు కాస్తా అయిపోయింది.

లోవరాజు పెట్టెలోంచి కొత్త బెల్టు తీసి వేశాడు. డైనమోను రాడ్డుతో వెనక్కి లాగిపట్టి బోల్టు బిగించాడు. అటుగా వచ్చిన చేపల పడవవాళ్ళు తమ బ్యాటరీ తగిలిస్తే ఇంజను అందుకుంది. ఈసారి హారన్ నిండుగా మోగింది.

కామేశ్వరమ్మగారు పాత బెల్టును చేతిలోకి తీసుకున్నారు. "ఇది అరిచినన్నాళ్ళూ ఏం చేశావు?"

"సబ్బు రాశానమ్మగారూ. నలుగురూ నవ్వుతున్నారని."

ఆవిడ బెల్టును అతని చేతిలో పెట్టారు. లోవరాజు ఆ బెల్టు వంక చూస్తూ ఉండిపోయాడు.

రేవుకు చేరగానే, జనం దిగక ముందే ఫోను తీశాడు. "కుసుమా, బాగున్నావా అని అడగటానికి చెయ్యలేదమ్మా. ఏం బాగోలేదో చెప్పు."

"అన్నం దిగటం లేదు నాన్నా," అంది కుసుమ, ఆపైన వెక్కి వెక్కి ఏడ్చింది. ఊరుకో తల్లీ అనబోయి లోవరాజు దిక్కు తోచక గురువుగారి వైపు చూశాడు.

ఆవిడ తన సంచీ అందుకుని పడవ దిగుతున్నారు. వెనక్కి తిరగకుండానే అన్నారు: "సబ్బు పక్కన పెట్టు, లోవరాజూ."

పిల్లలూ, ఎప్పుడో మీకూ పిల్లలు పుడతారు. వాళ్ళకు ఈ కథ చెప్పండి. ఈలోగా ఏ రోజైనా ఫోనులో నేను మిమ్మల్ని ఏడవొద్దంటే, మధ్యలోనే ఆపి ఈ కథ నాకే చెప్పండి.