మైలయ్య దొంగ కుంటు

“ఒరేయ్! నా గడ్డిలో మూతి పెట్టావంటే కొమ్ము విరుగుద్ది! జరుగు అవతలికి!”

వీధి చివర సూరమ్మగారి కొట్టంలోంచి పుల్లెద్దు అరుపు వినపడగానే, ఈ చివర చిట్టెబ్బాయి కొట్టంలో మైలెద్దు నెమరు ఆపేశాడు.

“ఇంకా ఆ పుల్లన్న గొంతుకే చెవులు నిక్కిస్తావేంటి మావా?” అంది పక్కనున్న మేక బంగారి. “పీడ వదిలిందని సంబరపడక!”

మైలయ్య చెవులు దించేసుకున్నాడు. ఆ పీడని వదిలించుకున్నది తనేగా!

పదేళ్ళు ఒకే కాడి కింద నడిచారండీ ఇద్దరూ. కుడివైపు పుల్లన్న, ఎడమవైపు మైలయ్య. ఆ పుల్లన్నకి అబ్బో, ఏం నోరు! గడ్డి ముతకంటాడు, కుడితి చల్లారిందంటాడు, ఎండకీ ఈగలకీ కూడా మైలయ్యనే తిడతాడు. పైగా దున్నేటప్పుడు ఒళ్ళంతా ఇతని మీదకి వాల్చేస్తాడు. మైలయ్య ఓర్పు ఓరోజు అయిపోయింది. అదను చూసి బంగారి చెవిలో ఊదింది: “రెండ్రోజులు కుంటు మావా. పుల్లన్న తోసేశాడనుకుంటాడు రైతు.”

మైలయ్య కుంటుతూ నడిచాడు. చిట్టెబ్బాయి నమ్మేసి, పుల్లన్నని సూరమ్మగారికిచ్చి, వాళ్ళ తెల్లెద్దుని మార్పిడికి తెచ్చుకున్నాడు.

తెల్లెద్దు ఎంత మంచివాడంటే, తన గడ్డి మేక తినేసినా కిక్కురుమనడు. బంగారికి కావలసిందీ అదే! పుల్లన్న ఉండగా ఆ దరిదాపులకి వెళ్ళగలిగిందా?

మైలయ్య సంగతే కష్టమైపోయింది. పుల్లన్న ఇటు వాలితే తను అటు వాలి, తిన్నగా నడవడం పదేళ్ళ అలవాటాయె. ఈ తెల్లెద్దు వాలడు. మైలయ్య కుడికి ఒరిగిపోతాడు, నాగటి చాలంతా వంకర! మధ్యాహ్నం నీడన కడితే తిట్టేవాడు లేడు. అయినా గడ్డి సయించదు.

ఆ సాయంత్రం పుల్లన్న అరుపు మళ్ళీ విని ఉండలేకపోయాడు. పలుపు తెంచుకుని పరిగెత్తి, పుల్లన్న ముందు నిలబడ్డాడు.

“ఏరా, దారి తప్పావా?”

“లేదన్నా. ఆనాడు నేను కుంటింది... అబద్ధం.”

“తెలుసులే. పదేళ్ళు పక్కన నడిచినోణ్ణి, నీకు కాలు నొప్పో కాదో నాకు తెలీదంట్రా మొద్దూ?”

“మరి అప్పుడు నోరు విప్పలేదేం?”

పుల్లన్న మెల్లగా అన్నాడు. “నా నోటికి విసిగిపోయావు. కాస్త సుఖపడతావనుకున్నా.”

“ఎప్పుడూ నా మీదకి వాలేవాడివే, అదెందుకన్నా?”

“నా కుడికాలు మొదట్నుంచీ నొప్పేరా. నిజం నొప్పి.”

చూశారా! ప్రతిదానికీ అరిచే పెద్దమనిషి, ఆ ఒక్కటీ పదేళ్ళలో పైకి అనలేదు.

వెతుక్కుంటూ వచ్చిన చిట్టెబ్బాయి ఎంత లాగినా మైలయ్య కదల్లేదు. సూరమ్మగారు బయటికొచ్చి, “ఈ అరుపులు నావల్ల కాదు నాయనా. నీ ఎద్దుని తోలుకుపో, నా తెల్లోణ్ణి నాకిచ్చెయ్,” అంది.

తెల్లెద్దు తిరిగి వెళ్ళిపోయాడు. పుల్లన్న, మైలయ్య ఇద్దరూ చిట్టెబ్బాయి కొట్టంలో అడుగుపెట్టేసరికి, ఎద్దుల గడ్డిలో తల దూర్చిన బంగారి అడ్డంగా దొరికిపోయింది.

“ఇదా నీ సలహా వెనక సంగతి!” అన్నాడు మైలయ్య. బంగారి తల దించుకుని మూలకి నడిచింది.

“ఏయ్, ఎక్కడికి?” అరిచాడు పుల్లన్న. “మూలనుంచి నువ్వు చూస్తుంటే నాకు తిన్నదరగదు. వచ్చి తిని చావు! ఒరేయ్ మైలా, దానికి చోటివ్వరా!”

మైలయ్య పరమానందంగా జరిగాడు. సిగ్గుతో చచ్చిపోతూ బంగారి వచ్చింది. ముగ్గురూ కాళ్ళు మడుచుకు కూర్చుని ఒకే మోపు గడ్డి పంచుకు తిన్నారు.

మనం ఓర్చుకుంటున్నామనుకున్న మనిషి మనల్ని ఎంత ఓర్చుకున్నాడో తెలిస్తే, ప్రేమ దానంతట అదే వస్తుంది.