మూత మీద మైనం

"నమ్మకం లేని మనిషితో కలిసి పని చెయ్యడం ఎలా గురువుగారూ?" అని సోమేశం అడిగాడు. హరికథలు చెప్పే కూర్మదాసు గారికి అతను పెద్ద శిష్యుడు. గజ్జెల పెట్టె నుంచి కారు పెట్రోలు దాకా అన్నీ అతని చేతి మీదే జరిగేవి. దాసుగారు ప్రశ్నకి వెంటనే జవాబు చెప్పే మనిషి కారు. "కథకి వేళవుతోంది, కారెక్కు" అన్నారు.

ఆ కారు వయసులో సోమేశం కన్నా పెద్దది. డ్రైవరు ఎర్రయ్య దాన్ని పాడి ఆవుని చూసుకున్నట్టు చూసుకునేవాడు. అయినా పెట్రోలు తొందరగా అయిపోతోందని సోమేశానికి అనుమానం పుట్టింది. అప్పటినుంచి తనే దగ్గరుండి పోయించి, ట్యాంకు మూత మీద నల్లమైనం మెత్తేవాడు, ఎవరు తీసినా తెలిసిపోవాలని. ఎర్రయ్యని ఆ వైపు రానిచ్చేవాడు కాదు. అదే రోజుల్లో కారు దారిలో ఆగిపోవడం మొదలైంది. దొంగతనం సాగక కావాలనే చెడగొడుతున్నాడని సోమేశం తేల్చుకున్నాడు.

ఆ రోజు కూడా ఊరు దాటాక ఆగింది. ఎర్రయ్య బానెట్ ఎత్తి కార్బురేటరు విప్పాడు. దాని గిన్నెలో పెట్రోలు చుక్క లేదు. పెట్రోలు సన్నగా చిమ్మే జెట్టుని నోట పెట్టి ఊదాడు.

"మొన్ననే కడిగినాను దాసుగారూ. పంపు కొట్టుకుంటంది, పెట్రోలు రాదు."

"ఉంటే కదా వచ్చేది" అన్నాడు సోమేశం.

ఎర్రయ్య తల దించుకుని మళ్లీ ఊదాడు.

"ఉందో లేదో నువ్వే చూసి రా" అన్నారు దాసుగారు.

సోమేశం వెనక్కి వెళ్లాడు. మైనం మీద తన బొటనవేలి గుర్తు చెదరలేదు. గోటితో గీకి మూత తిప్పాడు. నీళ్లలో మునిగినవాడు పైకి తేలి ఊపిరి పీల్చినట్టు ట్యాంకు బుస్సుమని గాలి లాక్కుంది. లోపల పెట్రోలు నిండుగా ఉంది. మూతకి గాలి కోసం సన్నటి బెజ్జం ఉంది. అది పూడితే పెట్రోలు ముందుకి కదలదు. పూడ్చింది తను.

"వత్తంది, పెట్రోలు వత్తంది" అంటున్నాడు ముందునుంచి ఎర్రయ్య.

కారు కదిలింది. సోమేశం గీకిన మైనం గుప్పిట్లో దాచుకుని వెనక, గురువుగారి పక్కన కూర్చున్నాడు. ముందు సీట్లో ఎప్పటిలాగే హార్మోనియం పెట్టె ఉంది. డ్రైవరు పక్కన కూర్చోవడం అతనికి నామోషీ. చెప్పకపోతే ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఎత్తు రోడ్డు దాటాక ఎర్రయ్యే అన్నాడు.

"నాకు సిగ్గుగా ఉంది దాసుగారూ. దీని జబ్బు నాకు అంతు సిక్కలేదు. ఈ కథ అయినాక వేరే మనిషిని సూసుకోండి."

కారు కొంచెం దూరం పోయింది.

"బండాపు" అన్నాడు సోమేశం. గుప్పిట విప్పాడు. "మూత మీద నేనే మెత్తాను. దానివల్లే ఆగింది. నీ పనిలో లోపం లేదు."

ఎర్రయ్య ఆ మైనం ఉండ వంక చూశాడు.

"ఎవులు తీసేత్తారని మెత్తినారు బాబూ?"

సోమేశం వేళ్లని ఉత్తరీయానికి తుడిచాడు. నలుపు పోలేదు, ఉత్తరీయానికీ అంటింది. ఎర్రయ్య ముందుకి తిరిగి స్టీరింగు పట్టుకున్నాడు.

"ఆ హార్మోనియం ఇలా నా పక్కన పెట్టు సోమేశం" అన్నారు దాసుగారు. "నువ్వు ముందుకెళ్లి కూర్చో. అక్కడ గాలి బాగా ఆడుతుంది."