పిట్టచూపు

ఆ రాజ్యంలో ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు కొంగ ఆ చోటు మీదుగా ఎగరాలి. అందుకే ప్రారంభోత్సవాన్ని అక్కడ పిట్టచూపు అనేవారు.

కొత్త కాలువ తూము దగ్గర మాచమ్మ నిలబడింది. ప్రారంభానికి వచ్చిన రాజు పక్కనే పందిట్లో కూర్చున్నాడు. ఆ కాలువకు ఆమె మూడేళ్ళు మట్టి మోసింది. గట్టు విరిగిపడి పెనిమిటి అక్కడే పోయాడు. తొమ్మిది రోజులుగా కొంగ రాలేదు. ఆమె వరిచేను నెర్రెలిచ్చింది, రేపటికి మిగిలేది గడ్డే.

"శకునం కాలేదు, తూము ఎత్తకూడదు" అన్నాడు ఆస్థాన పండితుడు గొడుగు నీడలోంచి.

మాచమ్మ గొడుగు దగ్గరికి నడిచింది. "కొంగ ఏం తింటుంది సామీ?"

"చేపలు. అదీ తెలియదుటే?"

"చేపలెక్కడుంటాయి?"

"నీళ్ళలో."

ఆమె రాజువైపు తిరిగింది. "విన్నారా దొరా? మీరు కొంగ కోసం చూస్తున్నారు, కొంగ నీళ్ళ కోసం చూస్తోంది. అదైతే ఏటికి ఎగిరిపోయింది. మేమెక్కడికి పోవాలి?"

రాజు పండితుడికేసి చూశాడు. పండితుడు ఆకాశంకేసి చూశాడు. రాజు లేచి తన చేత్తోనే తూము తలుపు ఎత్తాడు.

సాయంత్రానికి కాలువ మీద కొంగలు బారులు తీరాయి.

"చూశారా, శకునం!" అని పండితుడు కేకపెట్టాడు.

మాచమ్మ తలెత్తలేదు. వంగి, చేలోకి నీళ్ళు మళ్ళిస్తోంది.